భుజం గిన్నె అంచు విరిగింది: ఒకరు 20 శాతం అంటారు, ఇంకొకరు 14 అంటారు, ఎవర్ని నమ్మాలి?

శ్రీలత_సూర్యాపేట | బుధవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడికి 29 ఏళ్ళు, ఎలక్ట్రీషియన్. పోయిన ఆదివారం రాత్రి బండి మీద ఊరికి వస్తుంటే రోడ్డు మీద ఆరబోసిన వడ్లు చీకట్లో కనపడలేదు. బండి జారి, వడ్ల చుట్టూ పెట్టిన రాళ్ళకి తగిలి, కుడి చెయ్యి చాచి పడ్డాడు. ఆ రాత్రే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోతే ఒక ఎక్స్‌రే తీసి, పక్కటెముక ఒకటి చిట్లింది, భుజానికి ఏమీ కాలేదు, వాపు తగ్గితే సర్దుకుంటుందని పంపించారు.

మూడో రోజుకి కూడా చెయ్యి పక్కకి లేవడం లేదు. అన్నం ఎడమ చేత్తో తింటున్నాడు. ఇంకో చోట చూపిస్తే సీటీ తీయించారు. భుజం గిన్నె ముందు వైపు కింది అంచు విరిగిందట, ముక్క 4 మిల్లీమీటర్లు పక్కకి జరిగిందట. రిపోర్టులో ‘ఐడెబర్గ్ 1ఏ, 20 శాతం’ అని ఉంది. ఆపరేషన్ చేయాలన్నారు. అదే సీడీ పట్టుకుని హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్ గారికి చూపిస్తే, ఇది 14 శాతమే, ఆగి చూద్దామన్నారు.

ఒకే సీడీకి రెండు లెక్కలేంటి? మా మామయ్యేమో ఇవన్నీ డబ్బు గుంజే వేషాలు, పుత్తూరు పోయి కట్టు కట్టిద్దామని పట్టు పట్టాడు. అమ్మకి ఒకటే టెన్షన్. ఏం చేయాలో చెప్పండి.

నిర్వాహకుడు | బుధవారం, రాత్రి 10:05

శ్రీలత గారూ, స్కాన్ ఫోటోలు పెడితే పేరు, ఆసుపత్రి నంబరు చెరిపేసి పెట్టండి. ఆసుపత్రుల పేర్లు ఇక్కడ వద్దు. ఇక్కడ చెప్పేది వైద్యం కాదు, అవగాహన కోసమే.

జబ్బల_డాక్టర్ | బుధవారం, రాత్రి 10:50

ఎముకల డాక్టర్ని. స్కాన్ చూడకుండా తీర్పు చెప్పను. కానీ ముందు మీ తమ్ముణ్ణి మూడు విషయాలు అడిగి రాయండి.

పడ్డప్పుడు గూడ జారిందా? అంటే భుజం గుండ్రం పోయి చదునుగా అయి, ఎవరైనా లాగితే టక్కుమని లోపలికి వెళ్ళిందా?

భుజం బయటి వైపు, చొక్కా చేతికి పోలీసోళ్ళు బ్యాడ్జీ కుట్టించుకునే చోట, వేలితో రాస్తే రెండు చేతులకీ ఒకేలా తెలుస్తోందా? కుడి వైపు మొద్దుబారినట్టుందా? ఆ చోటికి వెళ్ళే నరం భుజం కింది నుంచే పోతుంది, గూడ జారినప్పుడు సాగుతుంది.

ఊపిరి తీసుకుంటే ఆయాసం, దగ్గితే రక్తం లాంటివి ఉన్నాయా? ఇది మిగతా రెండిటి కంటే ముఖ్యం. భుజం గిన్నె ఉండే రెక్క ఎముకకి (వీపు పైన పలక లాంటిది) దెబ్బ తగిలిందంటే పక్కనే ఊపిరితిత్తి ఉందని మర్చిపోకూడదు. ఉంటే ఈ చర్చ ఆపి ఆసుపత్రికి వెళ్ళండి.

శ్రీలత_సూర్యాపేట | గురువారం, ఉదయం 7:15

డాక్టర్ గారూ, మీరు అడిగాక వాణ్ణి నిలదీస్తే ఇప్పుడు చెప్తున్నాడు. పడ్డాక చెయ్యి కదలకుండా వేలాడిపోయిందట. అక్కడున్న ఒకాయన “ఆగు తమ్మీ” అని పట్టుకుని లాగితే టక్కుమని శబ్దం వచ్చిందట, వెంటనే నొప్పి సగం తగ్గిందట. ఆ మాట ఇప్పటిదాకా ఏ డాక్టరుకీ చెప్పలేదు. అడగలేదట!

మొద్దు లేదు. ఆయాసం లేదు, దగ్గితే పక్కటెముక నొప్పి తప్ప.

జబ్బల_డాక్టర్ | గురువారం, మధ్యాహ్నం 1:20

ఆ టక్కుమన్న శబ్దమే మొత్తం కథ చెప్పేసింది.

భుజం గిన్నె అంటాం గానీ అది గిన్నె కాదు, చెంచా. తుంటి కీలుకైతే నిజంగానే లోతైన గిన్నె ఉంటుంది. స్కూల్లో నోట్లో చెంచా పెట్టుకుని, దాంట్లో నిమ్మకాయ పడకుండా పరిగెత్తే ఆట గుర్తుందా? భుజం అంతే. దండ ఎముక (మోచేతి పై ఎముక) తల నిమ్మకాయ. రెక్క ఎముక చివర ఉన్న చిన్న చెంచాని మేం గ్లినాయిడ్ అంటాం. చెంచా అంచు చుట్టూ లేబ్రమ్ అని రబ్బరు పట్టీ లాంటిది ఉంటుంది. చుట్టూ కండరాలు లాగి పట్టుకుంటాయి. అందుకే చెయ్యి అన్ని వైపులకీ తిరుగుతుంది, అందుకే శరీరంలో అన్నిటికంటే ఎక్కువగా జారే పెద్ద కీలు కూడా ఇదే.

నిమ్మకాయ ముందుకి జారి పోతూ పోతూ చెంచా అంచుని కొట్టుకుని ముక్క లేపేసింది. మీ తమ్ముడికి జరిగింది ఇది. దీన్నే బోనీ బ్యాంకార్ట్ అని కూడా అంటారు.

లారీ గుద్దినప్పుడో, మేడ మీద నుంచి పడినప్పుడో ఇంకో రకం విరుపు వస్తుంది. నిమ్మకాయే సుత్తిలా చెంచా నడుమ దిగి దాన్ని రెండుగా చీలుస్తుంది. ఆ చీలిక రెక్క ఎముకలోకి కూడా పాకుతుంది. ఐడెబర్గ్ అనే స్వీడన్ డాక్టర్ 1984లో వీటిని అయిదు రకాలుగా విడదీశారు. మొదటి రకం అంచు విరుపు, ముందైతే 1ఏ, వెనకైతే 1బీ. మిగతా నాలుగూ గిన్నె నడుమ నుంచి చీలేవి. తర్వాత గాస్ అనే అమెరికా డాక్టర్ నుజ్జునుజ్జు అయిన గిన్నెకి ఆరో రకం చేర్చారు. రిపోర్టులో 1ఏ అని ఉందంటే ముందు అంచు అని, అంతే. అది మొదటి దశా కాదు, చిన్న దెబ్బ అనీ కాదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు దాన్ని క్యాన్సర్ స్టేజీ అనుకుని బెదిరిపోతుంటారు.

డల్లాస్_బాబాయ్ | గురువారం, రాత్రి 8:30

నేను ఇక్కడ ఆసుపత్రిలో సీటీ టెక్నాలజిస్ట్‌ని, సొంతూరు తెనాలి. శాతాల గొడవ నేను తేలుస్తా.

గిన్నె ఎదురుగా చూస్తే బేరిపండు ఆకారం. పైన సన్నం, కింద వెడల్పు. కింది భాగం దాదాపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌లో అక్కడ ఒక వృత్తం గీస్తాం. ఆ వృత్తంలోంచి ఎంత అంచు విడిపోయిందో కొలుస్తాం. మీ తమ్ముడి గిన్నె అడ్డంగా 25 మిల్లీమీటర్లు, ముక్క వెడల్పు 5 మిల్లీమీటర్లు అనుకోండి. 25లో 5 అంటే 20 శాతం. ఇది అడ్డకొలత.

ఇప్పుడు అదే ముక్క వైశాల్యం చూడండి. చపాతీ అంచు నుంచి ఒక వైపు కత్తితో నిలువుగా కోస్తే వచ్చే పలచటి ముక్క. అడ్డంగా అయిదో వంతు కోసినా, పిండి మాత్రం అయిదో వంతు రాదు, ఎందుకంటే అంచు దగ్గర చపాతీ ఇరుకు. లెక్కేస్తే 14 శాతం వస్తుంది. కాగితం మీద గీసి చూసుకోండి.

కాబట్టి ఇద్దరూ ఒకే ముక్కని చూశారు, ఇద్దరూ సరిగ్గానే కొలిచారు. ఒకరు బద్దతో, ఒకరు వైశాల్యంతో.

ఇంకో మాట. సీటీ తీసిన చోటికి వెళ్ళి, త్రీడీ బొమ్మలో దండ ఎముక తల తీసేసి గిన్నెని ఎదురుగా చూపించే ఫోటో అడగండి. పాత సీడీలోంచే చేయొచ్చు, మళ్ళీ మిషన్‌లో పడుకోనక్కర్లేదు. బంతి లాంటి ఆ తల అడ్డం ఉంటే గిన్నె కనపడదు. గోళీ ఎత్తితేనే కదా కింద గుంట కనిపించేది.

శ్రీలత_సూర్యాపేట | గురువారం, రాత్రి 9:10

బాబాయ్ గారూ, మీకు వెయ్యి దండాలు. తమ్ముడు నిజంగానే చపాతీ కోసి చూశాడు. ఇద్దర్లో ఒకరు మోసం చేస్తున్నారని రెండ్రోజులుగా ఇంట్లో పంచాయితీ.

బిల్లులంటే_భయం | గురువారం, రాత్రి 10:30

లెక్కలు బాగున్నాయి. కానీ 20 అన్నాయన ఆపరేషన్ అన్నాడు, 14 అన్నాయన వద్దన్నాడు, గమనించారా? పెద్ద నంబరు చెప్తే జనం భయపడి సంతకం పెడతారు. మా బావమరిదికి గూడ జారితే నెల రోజులు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగాడు, తగ్గిపోయింది. వయసులో ఉన్నవాడికి ఎముక దానంతటదే అతుక్కుంటుంది. అన్నిటికీ కోతలెందుకు?

జబ్బల_డాక్టర్ | శుక్రవారం, ఉదయం 6:50

అన్నిటికీ కోతలు అక్కర్లేదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటా. మీ వాదనకి నేనే సాక్ష్యం ఇస్తా. జ్యూరిక్ డాక్టర్లు 2007లో ఒక పరిశీలన అచ్చువేశారు. ఇలాగే గూడ జారి ముందు అంచు పెద్దగా విరిగిన 14 మందికి ఆపరేషన్ చేయలేదు. ముక్కలు జరిగే ఉన్నాయి. ఏళ్ళ తర్వాత చూస్తే ఒక్కరికీ గూడ మళ్ళీ జారలేదు.

కానీ వాళ్ళు ఎవర్ని పడితే వాళ్ళని తీసుకోలేదు. బంతి సరిగ్గా గిన్నె నడిమధ్యన కూర్చుని ఉన్నవాళ్ళనే తీసుకున్నారు. శాతం కంటే, మిల్లీమీటర్ల కంటే నేను ముందు చూసేది ఆ ఒక్కటే. ముక్క కాస్త పక్కకి జరిగినా బంతి మధ్యలో నిలబడితే ఎముక అతుక్కునే దాకా ఆగొచ్చు. ముక్క చిన్నదే అయినా బంతి దాని వెంట ముందుకి ఒరిగితే ఆగడానికి లేదు. సగం జారిన బంతి గిన్నె అంచుని అరగదీస్తూ పోతుంది, పదేళ్ళకి కీలు అరుగుతుంది.

మామూలుగా మేం ఆపరేషన్ వైపు మొగ్గేది ఎప్పుడంటే, ముందు అంచులో అడ్డకొలతన 20–25 శాతం దాటి విరిగితే, వెనక అంచైతే మూడో వంతు దాటితే. గిన్నె నడుమ చీలినప్పుడు లెక్క వేరు, అక్కడ మెట్టు చూస్తాం. కీలు నున్నగా ఉండాల్సిన చోట 4, 5 మిల్లీమీటర్ల మెట్టు పడితే సరిచేయమంటాం. ఈ హద్దులు రాతి గీతలు కావు. ఒకే స్కాన్ చూసి ఇద్దరు మంచి డాక్టర్లు రెండు మాటలు చెప్పొచ్చు. మీ తమ్ముడి కేసు సరిగ్గా గీత మీద ఉంది, అందుకే ఈ తలనొప్పి.

ఆగుదామనుకుంటే ఒక షరతు. వారానికో ఎక్స్‌రే, కనీసం మూడు వారాలు. మామూలు ఎదురుగా తీసేది కాదు. ఛాతీకి తీసినట్టు నేరుగా తీస్తే బంతి గిన్నె మీద పడి అంచు దాగిపోతుంది. మొదటి రాత్రి అదే అయ్యుంటుంది. రోగిని కొంచెం పక్కకి తిప్పి కీలు సందు కనపడేలా ఒకటి, చంక లోంచి ఒకటి తీయాలి. చంక ఎక్స్‌రేలోనే బంతి ముందుకి ఒరిగిందో లేదో తెలుస్తుంది. నొప్పికి చెయ్యి లేపలేడని టెక్నీషియన్ అది వదిలేస్తుంటాడు. చెయ్యి ఒంటికి కొంచెం దూరం జరిపినా చాలు, పట్టుబట్టి తీయించండి.

మూడు వారాలు దాటితే ముక్క వంకరగా అంటుకుపోవడం మొదలవుతుంది, ఆ తర్వాత సరిచేయడం చాలా కష్టం. ‘చూద్దాం లే’ అని ఇంటికి వెళ్ళి రెండు నెలలకి రావడం కుదరదు.

గరివిడి_శీను | శుక్రవారం, మధ్యాహ్నం 12:15

నాది డాక్టర్ గారు చెప్పిన రెండో రకం. 2019లో ఆటోని లారీ గుద్దింది. అయిదు పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి ముడుచుకుపోతే ఛాతీలో ట్యూబు వేశారు. భుజం సంగతి నాలుగో రోజున గానీ ఎవరికీ తెలియలేదు, అది కూడా ఛాతీ సీటీ తీస్తే బయటపడింది. ప్రాణం మీదున్నప్పుడు భుజం ఎవరు చూస్తారు, తప్పు పట్టను.

గిన్నె నడిమికి చీలి 8 మిల్లీమీటర్ల మెట్టు పడింది. ఊపిరితిత్తి కుదుటపడే దాకా ఆగి పన్నెండో రోజున చేశారు. పక్కకి పడుకోబెట్టి వీపు వైపు నుంచి కోశారు, రెండు ప్లేట్లు ఉన్నాయి. గొలుసు గుర్తులా పెద్ద మచ్చ. మా పాప దాన్ని రైలు పట్టాలంటుంది. నా చెయ్యి ఇప్పుడు అటక దాకా వెళ్తుంది, కానీ వీపు మధ్యలో దురదపెడితే మాత్రం ఇంకా మా ఆవిడే దిక్కు.

శ్రీలత అక్కా, నాది చూసి భయపడకు. నీ తమ్ముడిది అంచే.

జబ్బల_డాక్టర్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:40

శీను గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. వెనక నుంచి వెళ్ళినప్పుడు రెక్క ఎముక కండరాలకి వెళ్ళే నరం సరిగ్గా దారిలోనే ఉంటుంది. దాన్ని కాపాడుకుంటూ రెండు కండరాల సందులోంచి వెళ్ళాలి. అందుకే నడుమ చీలిన గిన్నెలు అందరు ఎముకల డాక్టర్లూ చేయరు, చేయకూడదు కూడా. ముందు అంచుకి కెమెరా పెట్టి చిన్న రంధ్రాల్లోంచి చేసే వీలుంది, ముక్క పెద్దదైతే స్క్రూ, చిన్నదైతే దారాలు కట్టిన యాంకర్లు (ఎముకలో దించే చిన్న మేకుల్లాంటివి).

శ్రీలత_సూర్యాపేట | శుక్రవారం, సాయంత్రం 5:30

మరి మామయ్య మాట? పుత్తూరు కట్టు వల్ల నయమైనవాళ్ళు మా ఊళ్ళోనే ముగ్గురున్నారు. పెద్దాయనకి ఏం చెప్పాలి?

జబ్బల_డాక్టర్ | శుక్రవారం, సాయంత్రం 6:15

వెటకారం చేయకుండా చెప్పండి. ముంజేయి లాంటి పొడవాటి ఎముక జరగకుండా విరిగితే ఎవరు కదలకుండా కట్టినా అతుకుతుంది. కానీ ఈ గిన్నె కండ లోపల లోతుగా, బంతి వెనక దాక్కుని ఉంది. బయట నుంచి ఏ కట్టూ, మా పిండికట్టు అయినా సరే, ఆ ముక్కని నెట్టలేదు. పైగా భుజాన్ని ఆరు వారాలు బిగించి కడితే ముక్క అతికినా భుజం పట్టేస్తుంది. మామయ్యకి నిమ్మకాయ, చెంచా చేతిలో పెట్టి చూపించండి. పెద్దవాళ్ళు మాట కంటే కళ్ళని నమ్ముతారు.

ఫిజియో_కాకినాడ | శుక్రవారం, రాత్రి 9:00

ఆపరేషన్ అయినా కాకపోయినా ఈ మూడు వారాలు ఎలా గడపాలో ఎవరూ చెప్పలేదు.

పడుకోవడం: వెల్లకిలా పడుకుంటే మోచెయ్యి వెనక్కి పోయి బంతి ముందుకి తోస్తుంది, అర్ధరాత్రి నొప్పితో లేస్తాడు. వీపు వెనక రెండు దిండ్లు పెట్టి సగం కూర్చోబెట్టండి, మోచేతి కింద మడతపెట్టిన దుప్పటి పెట్టండి.

చొక్కా: తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖర్న. టీషర్టులు అటక మీద పెట్టేయండి. ముందు గుండీలున్న వదులు చొక్కా, లేదంటే నాన్నగారి చొక్కా.

వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి మొదటి రోజు నుంచే ఆడించాలి. చాలామంది స్లింగ్ (చెయ్యి మెడకి వేలాడదీసే పట్టీ) వేసుకుని వేళ్ళు కూడా బిగించేస్తారు, పది రోజులకి చెయ్యి ఉబ్బి బూరెలా అవుతుంది. మీ డాక్టర్ సరేనన్నాక లోలకం వ్యాయామం. మంచి చేత్తో బల్ల పట్టుకుని ముందుకి వంగి, దెబ్బ చెయ్యిని బావిలో చేద వేలాడినట్టు వదిలేయాలి. నడుం ఊపితే చెయ్యి దానంతటదే ఊగాలి, భుజంతో తిప్పకూడదు. అన్నం పళ్ళెం అంత సున్నా చాలు.

ముందు అంచు విరిగింది కాబట్టి ఒక్కటి మాత్రం ఇప్పుడు వద్దు. మోచెయ్యి పక్కన పెట్టి అరచేతిని బయటికి తిప్పడం, ఆటోలో పక్క కమ్మీ పట్టుకున్నట్టు. గూడ జారింది ఆ దారిలోనే.

చంద్రకళ_అమ్మమ్మ | శనివారం, ఉదయం 10:20

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి బాబూ. నాకు 68. బాత్రూంలో పడితే గూడ జారింది, ఎక్కించారు, అంచు కొంచెం చిట్లిందన్నారు, అదే అతుకుతుందన్నారు. రెండు నెలలైంది, నొప్పి లేదు కానీ చెయ్యి లేవదు. ఇదీ అదేనా?

జబ్బల_డాక్టర్ | శనివారం, ఉదయం 11:00

అమ్మా, నొప్పి లేకపోయినా చెయ్యి లేవకపోతే నా అనుమానం అంచు మీద కాదు. నలభై దాటినవాళ్ళకి గూడ జారితే ఎముక కంటే భుజం లేపే కండర తాళ్ళు తెగే అవకాశం ఎక్కువ. ఎక్స్‌రేలో అవి కనపడవు. ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టర్‌కి చూపించి, అల్ట్రాసౌండో ఎంఆర్ఐయో తీయించమని అడగండి.

బిల్లులంటే_భయం | శనివారం, మధ్యాహ్నం 3:00

శ్రీలత గారూ, ఆపరేషన్ అన్నా అనకపోయినా ముందు ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలవండి. ఈ చికిత్స ప్యాకేజీలో వస్తుందో లేదో అక్కడే చెప్తారు. రోడ్డు ప్రమాదం కాబట్టి మెడికో లీగల్ కాగితం రాయించుకోండి, ఇన్సూరెన్స్ అడుగుతుంది. ఇది మాత్రం అనుభవంతో చెప్తున్నా.

శ్రీలత_సూర్యాపేట | తర్వాతి మంగళవారం, రాత్రి 8:45

అప్‌డేట్. ఆగుదామనే అనుకున్నాం. నిన్న తొమ్మిదో రోజు ఎక్స్‌రేకి వెళ్ళాం. టెక్నీషియన్ ఎదురుగా ఒకటి తీసి అయిపోయిందన్నాడు. చంక లోంచి తీయమంటే ‘డాక్టర్ రాయలేదు’ అన్నాడు. నేను కదల్లేదు. లోపలికెళ్ళి డాక్టర్ గారితో రాయించుకొచ్చా.

ఎదురు ఫోటోలో అంతా బాగానే ఉంది. చంక ఫోటో పెట్టగానే డాక్టర్ గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ‘ఆగి చూద్దాం’ అన్నాయనే, బంతి ముందుకి ఒరిగిందమ్మా, ఇక ఆగకూడదు అన్నారు. గురువారం కెమెరాతో చేస్తారు. మామయ్య కూడా ఏమీ అనలేదు, ఫోటో ఆయనకీ చూపించారు.

జబ్బల_డాక్టర్ | మంగళవారం, రాత్రి 9:30

ఆ ఎక్స్‌రే పట్టుబట్టి తీయించారు చూడండి, సగం వైద్యం అక్కడే జరిగింది. మీ రెండో డాక్టర్ తప్పు చెప్పలేదు. ఆగడం అంటే చూస్తూ ఆగడమే, ఆయన చూశారు. వెళ్ళే ముందు మళ్ళీ ఆ బ్యాడ్జీ చోటు స్పర్శ చూసి కాగితం మీద రాయించండి.

బిల్లులంటే_భయం | మంగళవారం, రాత్రి 9:50

సరే, ఈసారికి నేను ఓడిపోయా. తమ్ముడికి ఆల్ ది బెస్ట్.

శ్రీలత_సూర్యాపేట | ఏడు వారాల తర్వాత, ఆదివారం

చాలామంది మెసేజ్ చేసి అడుగుతున్నారని రాస్తున్నా. యాంకర్లు మూడు వేశారు. మూడు చిన్న రంధ్రాలు, పెద్ద మచ్చ లేదు. నాలుగు వారాలు స్లింగ్. ఈ మధ్యే తీసిన ఎక్స్‌రేలో బంతి మధ్యలోనే ఉంది.

ఇవాళ పొద్దున అద్దం ముందు కుడి చేత్తో తల దువ్వుకున్నాడు. పాపిడి వంకరగా వచ్చింది. అమ్మ సరిచేయబోతే తియ్యనివ్వలేదు. నిచ్చెన ఎక్కి ఫ్యాన్లు బిగించడం మాత్రం ఇంకా మూడు, నాలుగు నెలలు వద్దన్నారు, అందుకని షాపులో కూర్చుని వైండింగ్ చేస్తున్నాడు.

ఫిజియో గారూ, ఒక్క డౌటు. బయటికి తిప్పడం ఇప్పుడు మొదలుపెట్టమన్నారు, ఎడమ చేతితో పోలిస్తే సగం కూడా రావట్లేదు. బలవంతంగా తిప్పాలా?

ఫిజియో_కాకినాడ | అదే రోజు, మధ్యాహ్నం 1:10

అస్సలు వద్దు. ఏడో వారానికి సగం అంటే బాగానే వచ్చినట్టు. గొడుగు కర్ర రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, ఎడమ చేత్తో మెల్లగా కుడి వైపుకి నెట్టమనండి, లాగినట్టు తెలిసే దాకా, నొప్పి దాకా కాదు. పూటకి పదిసార్లు. భుజం జారిపోతుందేమో అన్న భయం కలిగితే అక్కడే ఆపి మీ డాక్టర్‌కి చెప్పండి.

గరివిడి_శీను | అదే రోజు, రాత్రి 7:25

గొడుగు కర్రకి బదులు నేను చపాతీ కర్ర వాడా. పొట్టిగా ఉండి ఉపయోగపడలేదు. గొడుగే తీసుకోండి.